నిర్మల్‌లో విప్పిన క్లచ్ ప్లేటు

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు సొంత కారులో ఐదు గంటల దారి. చాయ్‌లకు, టిఫిన్లకు ఆగుతూ పోయినా ఆరు గంటలు. మాకు ఒకటిన్నర రోజు పట్టింది. ఆ దారిలో ఏం తినాలి, ఎక్కడ ఆగాలి అని పోయొచ్చిన దగ్గర్నుంచి తెలిసినవాళ్ళు అడుగుతున్నారు. చెబుతున్నాను. కానీ ఎవరికి చెప్పినా నిర్మల్ దగ్గర ఒక రేకుల షెడ్డును దాటేసి చెబుతున్నాను. ఇక్కడ దాన్ని కూడా కలిపి రాస్తున్నాను.

ప్రయాణం నా భార్య లలిత కోసం. టీచర్ ట్రైనింగ్ రోజుల్లో లలిత, షాహీన్ హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళు. షాహీన్‌ది ఆదిలాబాద్. ఆ శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు ఆమె హెడ్మాస్టర్‌గా రిటైరవుతోంది. బడిలో సభ. ఆ సభలో లలిత మాట్లాడాలని షాహీన్ పట్టుబట్టింది. లలిత కూడా ఈ ఏప్రిల్‌లోనే రిటైరైంది, స్కూల్ అసిస్టెంట్‌గానే. రెండు పేజీలు రాసుకుని, వారం రోజులుగా వంటింట్లో చదువుకుంటోంది.

"బస్సుల పోదామండీ, పొద్దుగాల ఎక్కితే పన్నెండింటికి దిగుతం," అంది. కారు ఉండగా బస్సెందుకు అన్నది నేనే.

కొండగట్టు దాటాక

ఆ శుక్రవారం పొద్దున ఆరున్నరకు బయలుదేరాం. ఇంటి ముందు బండి కదిలించేటప్పుడే ముందుభాగం గడగడ వణికింది. పాత బండి, చలికి అలాగే ఉంటుందిలే అనుకున్నాను. గంగాధర దాటి కొండగట్టు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు కాస్త పైకి లేచింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను చప్పుడు పెరుగుతోంది, బండి వేగం మాత్రం పెరగడం లేదు.

"ఏందో కాలిన వాసనొస్తుంది," అంది లలిత, కిటికీ అద్దం దించుతూ.

"ముందు పోతున్న లారీది," అన్నాను.

లారీ మమ్మల్ని ఎప్పుడో దాటిపోయింది. ఆమె అద్దం దించే ఉంచింది.

ఇక్కడ పాత సంగతి ఒకటి చెప్పాలి. పదకొండేళ్ళ కింద ఈ కారును నడిపింది లలితే. నాకు కరెంటు ఆఫీసు ఇంటికి దగ్గర, స్కూటర్ సరిపోయేది. ఆమె బడి హుస్నాబాద్ అవతల. రోజూ పొద్దున డబ్బా కట్టుకుని, ఇంకో ఇద్దరు టీచర్లను ఎక్కించుకుని వెళ్ళేది. ఒకరోజు దారిలో క్లచ్ పోయి బండి ఆగింది. ప్లేటు మార్పించాల్సి వచ్చింది. ఆ రోజు షెడ్డులో, ఆ ఇద్దరు టీచర్ల ముందే అన్నాను: "క్లచ్ మీదికెళ్ళి కాలు తీయవు నువ్వు. గట్ల తొక్కిపట్టి నడిపితే ఇనుపది కూడా కాలిపోతది."

ఆ తరువాత నేను పక్కన కూర్చున్నప్పుడల్లా ఆమె ఎడమ కాలినే చూసేవాణ్ణి. ఆమె గేరు మార్చేది, నా వైపు చూసేది, మళ్ళీ గేరు మార్చేది. రెండు నెలలకు తాళంచెవి తెచ్చి మేకుకు తగిలించి, "నాతోని గాదు, బస్సుల పోత," అంది. చుట్టాల ఇళ్ళల్లో ఇది నవ్వుకునే ముచ్చటైంది. "మా లలిత క్లచ్ కాలుస్తది" అని చెప్పి నవ్వించేది కూడా నేనే.

మెట్‌పల్లి చాయ్

జగిత్యాల, కోరుట్ల దాటి మెట్‌పల్లిలో ఆగాం. రోడ్డుకు రెండు వైపులా పసుపు చేలు మోకాలెత్తు దాటి ఉన్నాయి. మా కరీంనగర్ దిక్కు పత్తి, వరి తప్ప కంటికి ఇంకోటి ఆనదు. ఇక్కడ ఇంటి పెరట్లో కూడా పసుపే. హోటల్ నడుపుతున్నావిడ వేడి వేడి సర్వపిండి రొట్టె పెట్టింది, పళ్ళెమంత వెడల్పు ఉంది. మా ఇంట్లో గిన్నెకు అంటించి కాలుస్తాం, ఆమె పెనం మీద వేస్తుంది. రుచి మాదే బాగుంటుందని లలిత నా చెవిలో అంది. ఆ పొద్దున ఆమె నవ్వింది అక్కడే.

డబ్బులు ఇస్తుంటే హోటల్ ఆవిడ నా కారు వైపు చేయి చూపింది.

"సారూ, మీ బండి కింద నూనె కారుతున్నట్టున్నది చూడుండ్రి."

వంగి చూశాను. ఇంజను కింద, గేర్‌బాక్స్ కలిసేచోట నల్లని చుక్క వేలాడుతోంది. అలాంటి మరక మా ఇంటి ముందు బండి పెట్టే చోట ఏళ్ళుగా ఉంది. నేనే దాని మీద గోనెసంచి వేశాను.

"ఏసీ నీళ్ళమ్మా," అన్నాను.

"ఏసీ నీళ్ళు గంత నల్లగుంటయా?" అంది లలిత. నేను వినిపించుకోనట్టు బండెక్కాను.

సోన్ వంతెన

ఆర్మూర్ దగ్గర పెద్ద రోడ్డెక్కి సోన్ వంతెన మీదికి వచ్చేసరికి పదిన్నర. గోదావరి నిండుగా ఉంది. లలిత ఒక రూపాయి బిళ్ళ విసిరి దండం పెట్టుకుంది. వంతెన దాటాక చిన్న ఎత్తు వస్తుంది. ఎత్తు అనడానికి కూడా లేదు, సైకిలు తొక్కేవాడు కూడా దిగనంత. అక్కడ ఇంజను గొంతు చించుకుని అరిచింది, బండి మాత్రం నెమ్మదించి నెమ్మదించి నిలబడిపోయింది. ఫస్ట్ గేరు వేసినా, సెకండ్ వేసినా ఒకటే. లోపలికి పొగ వచ్చింది.

అరగంట ఎండలో నిలబడ్డాం. సోయా బస్తాలు దింపి తిరిగొస్తున్న ఒక ట్రాక్టర్ ఆగింది. తలకు తువ్వాల చుట్టుకున్న పెద్దమనిషి దిగి, ఏం అడగకుండానే తాడు తీశాడు.

"నిర్మల్ల పోశెట్టి అని ఉన్నడు. గేర్ల పని ఆయనదే. ఆయన తాన ఇడిసిపెడత," అన్నాడు. షెడ్డు దగ్గర దించాక డబ్బులు ఇవ్వబోతే చేయి అడ్డం పెట్టాడు. "నా దారే గదా పటేలా, మీ కోసం తిరిగి వచ్చిన్నా?"

పోశెట్టి షెడ్డు

పోశెట్టికి యాభై ఉంటాయి. పలచటి మనిషి, కళ్ళద్దాలకు తాడు. బండి మూత తెరవలేదు. నేరుగా డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. చేత్తో క్లచ్ పెడలు నొక్కి ఎంత వదులుందో చూశాడు. ఇంజను స్టార్ట్ చేసి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరులో క్లచ్ వదిలాడు. ఇంజను ఆగలేదు, తన మానాన తాను తిరుగుతూనే ఉంది.

"చూసిండ్రా సార్, గిప్పుడు బండి బందువడాలె. ప్లేటు పట్టుకుంటే ఇంజను కొట్టుకుని ఆగిపోతది. ఆగలేదంటే జారుతున్నది," అన్నాడు. "పొద్దుగాల లేపేటప్పుడు వణికిందా?"

"వణికింది," అంది లలిత, నేను నోరు తెరిచేలోపే.

"పెడలు తొక్కితే లోపల గరగర అంటుందా? గేర్లు పడేటప్పుడు కరకర అంటున్నయా?"

"లేదు," అన్నాను.

"అయితే బేరింగ్ మంచిగనే ఉన్నది, కేబుల్ మంచిగున్నది. ఫికర్ చేయకుండ్రి. దించి చూస్తే ఎరుకైతది."

గేర్‌బాక్స్ దించడానికి రెండు గంటలు పట్టింది. మేము ఎదురుగా ఒక బల్ల మీద కూర్చున్నాం. లలిత తన రెండు పేజీలు చదువుకుంటోంది. అప్పటికీ నాలుగింటి లోపు చేరతామనే అనుకుంటోంది. రెండు దాటాక పోశెట్టి ప్లేటు చేతిలో పట్టుకొచ్చి మా మధ్య బల్ల మీద, పాత పేపరు పరిచి పెట్టాడు.

"ఎవలు నడుపుతరు బండి?"

"నేనే," అన్నాను.

"నేను నడిపేటప్పుడు గిట్లనే ఒకపాలి ఖరాబైంది," అంది లలిత. "క్లచ్ మీద కాలు పెట్టి నడిపేదాన్నట."

పోశెట్టి ఆమె వైపు తిరిగాడు. బడిలో పాఠం చెప్పినట్టు మెల్లగా చెప్పాడు.

"మేడం, కాలు పెట్టి నడిపితే గీ మందం అరిగి పలచనైతది. రివిట్లు బయటపడతయి. గిది చూడుండ్రి, మందం ఉన్నది. కని నూనె తాగి నల్లగైంది. ఇంజను ఎనక సీలు కారుతుంది, ఆ నూనె ప్లేటు మీద పడుతుంది. ఇగ ఎట్ల పట్టుకుంటది? గిది ఎవల కాలు తప్పు గాదు."

లలిత ప్లేటు అంచు మీద వేలు పెట్టింది. వేలికి నూనె అంటింది. "అప్పుడు గూడ గిదే అయ్యుంటదా?" అంది.

"అప్పటి ప్లేటు నేను చూడలే గదా అమ్మా. ఎప్పుడు మార్చిండ్రు?"

"పదకొండేండ్ల కింద. ఒక్కపాలే."

పోశెట్టి ప్లేటు తిప్పి, గుడ్డతో తుడిచి, ముద్ర చదివాడు. "కాదు మేడం. గిది గన్నేండ్ల ప్లేటు గాదు. నాలుగేండ్ల కిందటి ముద్ర ఉన్నది. నడుమ ఇంకోపాలి మార్చిండ్రు."

లలిత నా వైపు చూసింది.

నాలుగేళ్ళ కింద, ఆమె బండి ముట్టుకోవడం మానేసి ఏడేళ్ళయ్యాక, నా చేతిలోనే క్లచ్ పోయింది. అప్పటి మెకానిక్ కూడా ఇదే మాట అన్నాడు: నూనె తగిలి పోయింది, సీలు మార్చాలి, రేపు తెప్పిస్తాను అని. మరునాడు ఒక పెళ్ళి ఉండింది. ప్లేటు వేసి ఇచ్చెయ్యమన్నాను. అంతకంటే ముందు, ఆ మొదటిసారి కూడా, కరీంనగర్ మెకానిక్ "సీలు గూడ చెమ్మగున్నది సార్" అన్నాడు. నేను తొందరలో ఉన్నాను, విన్నాను, వదిలేశాను. నాలుగేళ్ళ కింద లలితకు చెప్పకపోవడం మాత్రం తొందర వల్ల కాదు. ఇంటికి పోయి "సర్వీసింగ్ చేయించిన" అని చెప్పాను. ఏడేళ్ళుగా ఆమెను అంటూ వచ్చిన మాటను వెనక్కి తీసుకోవాల్సి వస్తుందని చెప్పలేదు. అంతే కారణం, ఇంకోటి లేదు.

"మార్చిన," అన్నాను. "నీకు చెప్పలే."

పోశెట్టి లేచి, చేతులు కడుక్కునే నెపంతో పక్కకు పోయాడు. ప్లేటు, సీలు నిజామాబాద్ నుంచి రావాలి, బండి రేపు పగటికి అయితది అని అక్కడి నుంచే చెప్పాడు. లలిత రెండు పేజీలు మడిచి సంచిలో పెట్టుకుని, షాహీన్‌కు ఫోన్ చేసి, "బండి ఖరాబైంది, రేపొస్తం," అంది. గొంతులో ఏమీ తేడా లేదు. అదే నాకు కష్టంగా అనిపించింది.

బొమ్మల దుకాణం

లాడ్జిలో సామాను పెట్టి, ఎండ తగ్గాక ఊళ్ళోకి నడిచాం. నిర్మల్ వచ్చి బొమ్మలు చూడకుండా పోకండి. పొణికి చెక్క అరచేతిలో పెట్టుకుంటే దూదిలా ఉంటుంది. ఒక ముసలాయన దుకాణం ముందు కూర్చుని చెక్క వంకాయకు రంగు వేస్తున్నాడు. ముచ్చికకు ముళ్ళు కూడా దిద్దుతున్నాడు. కరీంనగర్‌లో ఇవే రెండింతల ధరకు అమ్ముతారు. లలిత పక్షుల జత ఒకటి షాహీన్ కోసం కొంది. బేరం ఆడలేదు. ఆమె బేరం ఆడకుండా ఏదైనా కొనడం నేను అంతకుముందు చూడలేదు.

తిరిగి వస్తూ, గాంధీ చౌక్ దాటాక, రోడ్డు మీద నడుస్తూనే అడిగింది.

"నాలుగేండ్ల కింద మార్చిండ్రు గదా. నా ప్రమోషన్ లిస్టు వచ్చింది ఎప్పుడు?"

నేను లెక్క వేయనక్కర్లేదు. మూడేళ్ళ కింద. హెడ్మాస్టర్‌గా ఇచ్చిన ఊరు హుస్నాబాద్ నుంచి ఇంకా లోపలికి. పొద్దున వెళ్ళే బస్సు ప్రార్థన అయిపోయాక చేరుతుంది. కారు ఉంది కదా అని తోటి టీచర్ అంటే, "వద్దమ్మా, నాతోని గాదు, మళ్ళ క్లచ్ కాలవెడత," అని నవ్వింది. నేను పక్కనే ఉన్నాను. ప్రమోషన్ వద్దని రాసిన కాగితం టైపు చేయించి తెచ్చింది కూడా నేనే.

"ఆ రోజు చెప్పినా సరిపోతుండె," అంది. "కాగితం మీద సంతకం పెట్టేదాక టైముండె మీకు."

"తప్పైంది లలితా."

"తప్పు గాదు. తప్పైతే ఎరుక లేక చేస్తరు."

నడిచి లాడ్జికి వచ్చేశాం. ఆ లాడ్జి కింద జొన్న రొట్టె, పచ్చిమిర్చి కారం బాగుంటుందని విన్నాను. తిన్నాం కూడా. రుచి గుర్తులేదు.

ఆదిలాబాద్

శనివారం రెండింటికి బండి వచ్చింది. పోశెట్టి సీలు చేతికిచ్చి చూపించాడు. రబ్బరు ఎండి అంచు చిట్లిపోయి ఉంది. "కొద్దిరోజులు నెమ్మదిగ నడుపుండ్రి, కొత్త ప్లేటు కూసోవాలె," అన్నాడు. ఘాటు రోడ్డు ఎక్కుతుంటే బండి తొణక్కుండా ఎక్కింది. అడవి వానలకు పచ్చగా ఉంది, రోడ్డు పక్కన కోతులు. ఇంకో రోజైతే ఎంత సంబరపడేవాళ్ళమో.

షాహీన్ గేటు దగ్గరే నిలబడి ఉంది. పొట్టి మనిషి, పెద్ద గొంతు.

"క్యా రే లలితా, సభ అయిపోయినంక వస్తవా? నీ పేరు మూడుసార్లు పిలిచిండ్రు మైక్ల!" అంది. లలితను గట్టిగా పట్టుకుంది. లలిత అప్పుడు ఏడ్చింది. సభ తప్పినందుకే అనుకుని షాహీన్ ఓదార్చింది. నేను సామాను దింపుతూ ఉండిపోయాను.

ఆ ఇంట్లో బగారా అన్నం, దాల్చా పప్పు, మధ్యలో మరాఠీ వాళ్ళ శనగపిండి కూర పిట్ల కూడా. ఆదిలాబాద్‌లో మూడు వంటలు ఒకే పళ్ళెంలో కలుస్తాయి. తెల్లారి మా ఊళ్ళోలా ఇడ్లీ బండి కోసం వెతక్కండి. ఇక్కడ పొద్దున పోహానే. నిమ్మకాయ పిండి, సన్నటి కారప్పూసలాంటి సేవ్ చల్లి, పక్కన చాయ్ పెడతారు. పోహా తేవడానికి షాహీన్ తన కారు తనే తీసింది, లలితను పక్కన ఎక్కించుకుంది. నేను గేటు దగ్గర నిలబడి చూశాను. షాహీన్ ఒక చేత్తో ముచ్చట చెబుతూ ఇంకో చేత్తో రివర్స్ తీసింది.

"ఉట్నూరు దిక్కు నాలుగేండ్లు చేసిన భాయిసాబ్, రోజూ నేనే నడుపుకుంట," అంది తిరిగొచ్చాక. "మొదట్ల క్లచ్ ఇడవడం రాకపోతుండె. దీనికి ఫోన్ చేస్తే గిదే చెప్పింది నాకు, ఫోన్ల, ఎట్ల ఇడవాల్నో. నా ఉస్తాద్ మీ లలితే."

ఈ మాట నాకు తెలియదు. లలిత పళ్ళేలు తీస్తూ లోపలికి వెళ్ళిపోయింది.

నేరడిగొండ

ఆదివారం పదింటికి బయలుదేరాం. గుడిహత్నూర్, ఇచ్చోడ దాటి నేరడిగొండ దగ్గర కుంటాల జలపాతానికి రోడ్డు చీలుతుంది. చీలిక దగ్గర సీతాఫలాల గంపలు వరుసగా ఉన్నాయి. బండి పక్కకు ఆపి, తాళంచెవి తీసి లలిత ముందు పెట్టాను.

"నువ్వు నడుపు. ఈ దారిల బండ్లు తక్కువ."

తాళంచెవి తీసుకుంది. తరువాత దిగి, చుట్టూ తిరిగి వచ్చి డ్రైవర్ సీట్లో కూర్చుంది. సీటు ముందుకు జరుపుకుంది, అద్దం సర్దుకుంది. స్టార్ట్ చేసి, గేరు వేసి, క్లచ్ వదలబోయి ఆగింది. బండి ఎగిరి బందైంది. మళ్ళీ స్టార్ట్ చేసింది, మళ్ళీ బందైంది.

"మీరు దిగుండ్రి," అంది.

"ఎందుకు?"

"నా కాలు చూస్తున్నరు."

నిజమే, చూస్తున్నాను. చూడొద్దు అనుకుని కూర్చుని కూడా చూస్తున్నాను. దిగాను. బండి ఈసారి ఒక్క కుదుపు కూడా లేకుండా కదిలి, కుంటాల రోడ్డులో మలుపు తిరిగింది.

గంపల దగ్గర ఉన్నావిడ ఒక రాయి చూపించి కూర్చోమంది.

"గా బండి నడుపుతున్నది ఎవలు?"

"నా భార్య."

"మంచిగ నడుపుతుంది. నువ్వెందుకు దిగినవ్?"

"దిగమన్నది."

ఆమె పకపక నవ్వి ఒక పండు విప్పి నా చేతిలో పెట్టింది. తియ్యగా ఉంది. మా ఊళ్ళో దొరికేవాటికంటే గింజ చిన్నది, గుజ్జు ఎక్కువ. గంప నూట యాభైకి ఇస్తానంది. కొన్నాను. పావుగంట, అరగంట, నలభై నిమిషాలైంది. ఫోన్ చేయాలనిపించింది. చేయలేదు. పదకొండేళ్ళు ఆమె బస్టాండ్లలో ఎంతసేపు నిలబడి ఉంటుందో ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఈ కొద్దిసేపటికి ఫోన్ చేయడానికి నాకు ముఖం లేదు.

గంట దగ్గరపడుతుండగా బండి వచ్చింది. గంపలకు దూరంగా, నెమ్మదిగా ఆగింది. లలిత దిగింది. ముఖం చెమట పట్టి ఉంది.

"మంచిగనే నడిచింది," అంది.

"జలపాతం దాక పోయినవా?"

"లే. నడుమ ఒక ఊరొచ్చింది. ఊరి చివర హైస్కూలు కనవడ్డది. గేటు కాడ ఆపిన." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆదివారం గదా, తాళం ఏసున్నది. జరసేపు నిలవడి వచ్చిన."

తాళంచెవి నా చేతిలో పెట్టింది. కరీంనగర్ దాకా నువ్వే నడుపు అన్నాను. వెనుక సీట్లో కూర్చుంటానని కూడా అన్నాను.

"వద్దు," అంది. "నడపడం రాదేమో అనుకున్న ఇన్నేండ్లు. వచ్చు. ఇగ చాలు."

సీతాఫలాల గంప వెనుక సీట్లో పెట్టించి, ఎడమవైపు తలుపు తీసుకుని కూర్చుంది. నేను బండి స్టార్ట్ చేశాను.